బరువు నిబంధన అంచున ఒక రోగి: బీమా అనుమతితో బేరియాట్రిక్ సర్జరీ, ఒక కేస్ స్టడీ

ఈ కేసును రాసి ఉంచడానికి కారణం ఇందులోని శస్త్రచికిత్స కాదు. అది ఏ చిక్కూ లేకుండా జరిగింది, రోగి కూడా అనుకున్న సమయానికే కోలుకున్నారు. రాయవలసింది దానికి ముందు గడిచిన కాలం గురించి. బరువు తగ్గడం కోసం ఆపరేషన్ కోరుకున్న మనిషి, పాలసీలోని బరువు నిబంధనకు కొద్దిగా కింద ఉన్నారని తిరస్కరణ అందుకుని, అర్హత కోసం బరువు పెరగడానికి ప్రయత్నించారు. ఇలాంటివారు ఊబకాయ చికిత్స చేసే ప్రతి వైద్యుడికీ ఎదురవుతూనే ఉంటారు. వారికి ఏం చెప్పాలి, ఏ కాగితం ముందు సిద్ధం చేయాలి, ఏ వాదన నిలుస్తుంది, ఏది నిలవదు అనే విషయాలు ఈ ఒక్క కేసులోనే చాలావరకు కనిపించాయి. రోగి అనుమతితోనే రాస్తున్నాను. ఎవరో గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను. కొలతలను మాత్రం ఉంచాను, ఎందుకంటే ఈ కేసు అంతా కొలతల మీదే నడిచింది.

నేపథ్యం

రోగి నడివయసు మహిళ. ఎనిమిదేళ్లుగా టైప్ 2 మధుమేహం, దానితోపాటు అధిక రక్తపోటు, మోకాళ్ల నొప్పులు, పడుకుంటే గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నే సమస్య ఉన్నాయి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, పయోగ్లిటజోన్ అని మూడు మందులు వాడుతున్నా, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 9.1 శాతం దగ్గర ఉంది. ఈ మూడింటిలో చివరి రెండూ బరువు పెంచే గుణం ఉన్నవి. ఆహార నియమాలు చాలాసార్లు పాటించారు, ప్రతిసారీ కొన్ని కిలోలు తగ్గి మళ్లీ అంతకంటే ఎక్కువ పెరిగారు. కొవ్వు ఒంటికి పట్టకుండా చేసే ఓర్లిస్టాట్ కొంతకాలం వాడారు. ఆకలిని తగ్గించే జీఎల్‌పీ-1 తరగతి ఇంజెక్షన్ మొదలుపెట్టి, వాంతులు ఆగకపోవడంతో మానేశారు. ఇదంతా ఆమె నోటితో చెప్పినదే. కాగితం మీద ఉన్నది మాత్రం అక్కడక్కడ ఒక మందుల చీటీ, అంతే.

ఆమె పాలసీలో ఊబకాయ శస్త్రచికిత్సకు పెట్టిన షరతులు చాలా పాలసీల్లో కనిపించేవే. ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె, బీఎంఐ, 40 లేదా అంతకు మించి ఉండాలి. లేదా 35, అంతకు మించి ఉండి, దానితోపాటు జాబితాలో ఇచ్చిన తీవ్రమైన అనుబంధ జబ్బుల్లో కనీసం ఒకటి ఉండాలి. ఆ జాబితాలో మందులకు లొంగని టైప్ 2 మధుమేహం, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు) ఉన్నాయి. వీటికి తోడు, వైద్య పర్యవేక్షణలో వరుసగా ఆరు నెలలు బరువు తగ్గే ప్రయత్నం చేసి, అది చాలలేదని నెలనెలా రాసిన నమోదులతో చూపించాలి.

ఈ 40, 35 అనే అంకెలు ఎక్కడివో తెలుసుకోవడం అవసరం. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ 1991లో నిపుణులను సమావేశపరిచి విడుదల చేసిన ఏకాభిప్రాయ ప్రకటనలో ఈ హద్దులు ఉన్నాయి. అప్పటికి లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల గుండా, ఈ ఆపరేషన్లు చేయడం వాడుకలోకి రాలేదు, పొట్ట పెద్దగా కోసి చేసేవారు, ప్రమాదం ఎక్కువ. ఆ రోజుల ప్రమాదాన్ని బట్టి గీసిన గీతే ఇది. 2022లో అమెరికా బేరియాట్రిక్ వైద్యుల సంఘం ఏఎస్‌ఎంబీఎస్, అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌ఎస్‌ఓ కలిసి ఈ హద్దులను మార్చాయి. బీఎంఐ 35 దాటితే అనుబంధ జబ్బులు ఉన్నా లేకున్నా శస్త్రచికిత్సను సిఫారసు చేయాలని, 30 నుంచి 35 మధ్య ఉండి మధుమేహం వంటి జీవక్రియ జబ్బులున్నవారి విషయంలో ఆలోచించాలని, ఆసియా జాతుల వారిలో 27.5 నుంచే శస్త్రచికిత్సను అందుబాటులో ఉంచాలని చెప్పాయి. అయితే పాలసీ పత్రాల్లో ఇప్పటికీ చాలాచోట్ల పాత గీతే ఉంది. వైద్యుడి చేతిలో ఒక ప్రమాణం, బీమా అధికారి చేతిలో మరో ప్రమాణం. రోగి ఆ రెండింటి మధ్య చిక్కుకుంటారు.

సమస్య

మా దగ్గరికి రాకముందే ఆమె తరఫున మరోచోటి నుంచి ముందస్తు అనుమతికి దరఖాస్తు వెళ్లింది. అందులో ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 88.4 కిలోలు. లెక్కిస్తే బీఎంఐ 34.5. తిరస్కరణ లేఖలో రెండు కారణాలు చూపారు: బీఎంఐ 35 లేదు, అనుబంధ జబ్బు తీవ్రంగా ఉందనడానికి ఆధారం లేదు. 160 సెంటీమీటర్ల మనిషికి 35 రావాలంటే 89.6 కిలోలు ఉండాలి. అంటే కిలోకు కాస్త పైన తక్కువైంది.

ఆ తరువాత జరిగింది ఊహించదగినదే. తెలిసినవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. ఆమె నియమం వదిలేసి, రాత్రి ఆలస్యంగా, ఉప్పూ తీపీ ఎక్కువగా తినడం మొదలుపెట్టారు. మా తూకం యంత్రం మీద మొదటిసారి నిలబడినప్పుడు 90.3 కిలోలు చూపించింది. ఉదయం పరగడుపు షుగర్ 214. కాళ్ల మీద వేలితో నొక్కితే గుంట పడుతోంది. అంకె చూసి ఆమె ముఖం తేలికపడింది. "డాక్టర్ గారూ, ఇప్పుడు సరిపోతుంది కదండీ? ఈ బరువే రాసి పంపించండి, మళ్లీ తగ్గకముందే," అన్నారు.

ఆ మాటలో మోసం చేయాలన్న ఉద్దేశం లేదు. ఏళ్ల తరబడి బరువు తగ్గమని అందరూ చెప్పగా విని, చివరికి ఒక కిలో తక్కువున్నందుకు తలుపు మూసేసిన వ్యవస్థకు ఆమె ఇచ్చిన జవాబు అది. అందుకే మందలించలేదు. అలాగని ఒప్పుకోనూ లేదు.

మొదటి నిర్ణయం: పెంచిన బరువును వాడకపోవడం

ఒప్పుకోకపోవడానికి నాకు మూడు కారణాలు కనిపించాయి. మొదటిది శరీరానికి సంబంధించినది. బరువు కోసం తినే తిండి ముందుగా చేరేది కాలేయంలోకి. జీర్ణాశయం పై భాగానికి అడ్డంగా ఉండేది కాలేయపు ఎడమ భాగమే. అది కొవ్వుతో ఉబ్బి ఉంటే లాపరోస్కోపీలో దాన్ని పైకెత్తి పట్టుకోవడం కష్టం, చిరిగి రక్తం కారే ప్రమాదం ఉంది. ఆపరేషన్‌కు ముందు రెండు నుంచి నాలుగు వారాలు తక్కువ కేలరీల ఆహారం మీద ఉంచేది ఆ కాలేయాన్ని కుదించడానికే. ఒకవైపు దాన్ని పెంచి, మరోవైపు దాన్నే తగ్గించమనడం అర్థం లేని పని. పైగా షుగర్ ఆ స్థాయిలో ఉంటే గాయాలకు చీము పట్టే అవకాశం పెరుగుతుంది.

రెండవది ఆధారానికి సంబంధించినది. బీమా సంస్థ దగ్గర 88.4 కిలోల దరఖాస్తు అప్పటికే ఉంది. కొద్ది వారాల్లో అది 90.3 అయి, సరిగ్గా గీత దాటి కనిపిస్తే, ఆ ఫైలు చూసే ఎవరికైనా అనుమానం వస్తుంది. అప్పుడు నిజమైన జబ్బులకు సంబంధించిన నిజమైన కాగితాల మీద కూడా నమ్మకం పోతుంది. జేబుల్లో బరువులు పెట్టుకోవడం, తూకానికి ముందు రెండు లీటర్ల నీళ్లు తాగడం వంటి చిట్కాలు కూడా రోగుల మధ్య తిరుగుతుంటాయి. మత్తు వైద్యుడు ఆపరేషన్‌కు ముందు తీసే బరువుతో అవన్నీ బయటపడతాయి. బీమా సంస్థ ఆ కాగితాన్ని అడిగి తెప్పించుకోగలదు. అనుమతి రద్దయితే ఖర్చంతా రోగి నెత్తిన పడుతుంది.

మూడవ కారణం నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. అర్హతను రెండు కిలోల నీటి మీద, ఉప్పు మీద నిలబెడితే, ఆరు నెలల పర్యవేక్షణ మొదలైన మొదటి వారంలోనే అది జారిపోతుంది. ఆ తరువాత ఆరు నెలలూ ఆమె తగ్గకుండా జాగ్రత్తపడుతూ గడపాలి. చికిత్స కోసం వచ్చిన మనిషిని చికిత్స ఫలించకూడదని కోరుకునే స్థితిలోకి నెట్టడం వైద్యం కాదు.

అందుకని 90.3ను ఆ రోజు తేదీతో, కాళ్ల వాపుతో సహా నమోదు చేశాం. ఆమెను మామూలు ఆహారానికి తిరిగి రమ్మని, పదిహేను రోజుల తరువాత మళ్లీ తూచాం. 88.6 వచ్చింది. కార్యక్రమానికి ప్రారంభ బరువుగా దాన్నే తీసుకున్నాం. దరఖాస్తుతో రెండు అంకెలూ పంపాం, మధ్యలో ఏం జరిగిందో కూడా రాశాం.

ఎత్తు

అయితే 88.6 కిలోలతో, 160 సెంటీమీటర్ల ఎత్తుతో బీఎంఐ మళ్లీ 34.6 దగ్గరే ఆగుతుంది. ఇక్కడే కేసు మలుపు తిరిగింది.

బరువు నిబంధన అనగానే అందరి చూపూ తూకం మీదికే పోతుంది. కానీ బీఎంఐ అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించగా వచ్చేది. ఎత్తును దానితోనే గుణించి భాగిస్తాం కాబట్టి, ఎత్తులో చిన్న తేడా కూడా ఫలితాన్ని బాగా కదుపుతుంది. ఈ రోగి శరీర పరిమాణంలో ఒక సెంటీమీటరు తేడా దాదాపు 0.45 బీఎంఐకి, అంటే సుమారు 1.1 కిలోల బరువుకు సమానం. రోజూ తూచే బరువును అంత శ్రద్ధగా చూసే మనం, ఎత్తును మాత్రం రోగి చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాం. మనుషులు తమ ఎత్తును కాస్త ఎక్కువ చేసి చెప్పడం, వయసు పెరిగేకొద్దీ వెన్నుపూసల మధ్య దిండ్లు అణిగి ఎత్తు తగ్గడం, ఈ రెండూ బాగా తెలిసిన విషయాలే.

ఎత్తు కొలిచే సాధనమైన స్టేడియోమీటర్ మీద కొలిచే పద్ధతిని కొంచెం వివరంగా చెబుతాను. చెప్పులు, మేజోళ్లు తీసేయాలి. కొప్పు ఉంటే విప్పించాలి, క్లిప్పులు తీయించాలి. మడమలు, పిరుదులు, వీపు పైభాగం నిలువు పలకకు ఆనాలి. చూపు ఎదురుగా ఉండాలి. కంటి గుంట కింది అంచూ, చెవి రంధ్రం పై అంచూ ఒకే అడ్డగీత మీదికి వచ్చేలా తల నిలపాలి. గడ్డం ఎత్తితే కొలత తప్పుతుంది. గట్టిగా ఊపిరి పీల్చి నిలబడమని, పైపలకను జుట్టు అణిగేలా దించి చదవాలి. పొద్దున్న కొలిచిన ఎత్తు సాయంత్రానికి కొంత తగ్గుతుంది కాబట్టి ఏ వేళకు కొలిచారో రాయాలి. ఈ రోగి విషయంలో ఉదయం పూటే, ఇద్దరు వేర్వేరు సిబ్బంది చేత, ఒకరి కొలత మరొకరికి తెలియకుండా, మూడేసి సార్లు కొలిపించాం. సగటు 157.5 సెంటీమీటర్లు వచ్చింది.

ఆ ఎత్తుతో 88.6 కిలోలకు బీఎంఐ 35.7. గీత దాటడానికి కావలసిన బరువు 86.8 కిలోలు. అంటే ఆమె గీతకు కింద ఎన్నడూ లేరు, దాదాపు రెండు కిలోలు పైనే ఉన్నారు. ఆమె కూడబెట్టుకున్న అదనపు బరువు అవసరమే లేదు.

160 అన్నది ఎక్కడినుంచి వచ్చిందో వెతికాం. మొట్టమొదటి ఆసుపత్రి చీటీ మీద ఆమె చెప్పగా రాసుకున్న అంకె అది. ఆ తరువాత ప్రతి రికార్డూ దాన్నే చూసి రాసుకుంటూ వచ్చింది. నాలుగైదు పత్రాల్లో ఒకే అంకె కనబడితే నాలుగైదు సార్లు కొలిచారని అనిపిస్తుంది. నిజానికి ఒక్కసారి కూడా కొలవలేదు. కొన్నేళ్ల కిందట ఉద్యోగం కోసం జరిగిన వైద్య పరీక్ష పత్రం ఒకటి ఆమె ఇంట్లో దొరికింది. అందులో కొలిచి రాసిన ఎత్తు 158. దాంతో లెక్కించినా బీఎంఐ 35.5 వస్తుంది. ఈ పాత కాగితం తరువాత ఎంత పనికొచ్చిందో కింద చెబుతాను.

జబ్బుకు ఆధారం

రెండో తిరస్కరణ కారణం అనుబంధ జబ్బుల తీవ్రత. మధుమేహానికి ఏడాది కాలంలో చేసిన మూడు హెచ్‌బీఏ1సీ పరీక్షల ఫలితాలు ప్రయోగశాలల నుంచి తెప్పించాం. మూడూ 8.5 శాతానికి పైనే ఉన్నాయి, మందులు మూడు వాడుతుండగానే. ఇది బలమైన ఆధారమే అయినా, షుగర్ లొంగలేదంటే ఏ అంకె దాటాలన్నది పాలసీలో లేదు. అలాంటి చోట ఒక్క జబ్బు మీదే ఆధారపడటం నాకు ఇష్టం లేదు.

ఆమెను నిద్ర గురించి ఇంతకుముందు ఎవరూ అడగలేదు. అడిగితే, గురక చాలా ఏళ్లుగా ఉందని, మధ్యలో ఊపిరి ఆగిపోతే భర్త భయపడి తట్టి లేపుతారని, ఉదయం లేవగానే తల బరువుగా నొప్పిగా ఉంటుందని, మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు పడుతుందని చెప్పారు. రాత్రంతా పాలీసోమ్నోగ్రఫీ అనే నిద్ర పరీక్ష చేయించాం. గంటకు ఊపిరి ఆగిన, తగ్గిన సందర్భాల లెక్క ఏహెచ్‌ఐ 38 వచ్చింది. 5 నుంచి 15 లోపు ఉంటే తేలికపాటి, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30 ఆపైన తీవ్రం అని లెక్క. రక్తంలో ఆక్సిజన్ ఒక దశలో 74 శాతానికి పడిపోయింది.

ఈ పరీక్ష బీమా కోసం చేయించింది కాదని ఇక్కడ గట్టిగా చెప్పాలి. గుర్తించని స్లీప్ ఆప్నియాతో మత్తు ఇస్తే ఆపరేషన్ తరువాత ఊపిరి ఆడక ప్రమాదం రావచ్చు, అందుకే ఊబకాయ శస్త్రచికిత్సకు వచ్చేవారిలో దాన్ని వెతకడం రివాజు. రోగికి అవసరమైన పరీక్షే ఆమె అర్హతకు అన్నిటికన్నా గట్టి కాగితం కూడా అయింది. నిద్రలో గాలి ఒత్తిడితో ఊపిరి దారిని తెరిచి ఉంచే సీప్యాప్ యంత్రం వెంటనే మొదలుపెట్టాం.

మందు మార్చడం, ఒక ధర్మసందేహం

పయోగ్లిటజోన్ ఒంట్లో నీరు నిలిపి బరువు పెంచుతుంది. దాన్ని ఆపి ఎంపాగ్లిఫ్లోజిన్ ఇస్తే షుగర్ మెరుగవుతుంది, రక్తపోటుకూ మంచిది, కాళ్ల వాపు తగ్గుతుంది. బరువు కూడా తగ్గుతుంది. ఆమె దాన్ని విని వెనక్కి తగ్గారు. "ఆపరేషన్ అయ్యేదాకా పాత మందే ఉంచండి డాక్టర్ గారూ, తరువాత మారుద్దాం," అని బతిమాలారు.

ఈ కోరికను తోసిపుచ్చడం తేలిక కాదు. రెండు కిలోలు తగ్గితే గీతకు అటువైపు పోతామన్న ఆమె లెక్క తప్పు కాదు. అయినా మెరుగైన మందును తెలిసి తెలిసి ఆరు నెలలు ఆపి ఉంచడానికి నాకు మనసొప్పలేదు. దీనికి మేం కనుక్కున్న మార్గం పనుల వరుసను సరిచేసుకోవడం. ప్రారంభ కొలతలన్నీ తీసి, సంతకాలు చేసి, తూకం యంత్రం సరిగ్గా చూపుతోందని తెలిపే క్రమాంకన పత్రంతో సహా బీమా సంస్థకు పంపి, అందినట్టు రసీదు తీసుకున్నాం. మందు ఆ మరుసటి రోజే మార్చాం. ప్రారంభ బరువు ఫలానా తేదీన ఇంత అని అవతలి పక్షం దగ్గర నమోదైపోయాక, ఆ తరువాత తగ్గేది చికిత్స ఫలితమే తప్ప అర్హతకు లోటు కాదని వాదించడానికి పునాది ఏర్పడుతుంది.

అదే లేఖలో ఒక ప్రశ్న కూడా అడిగాం: అర్హతకు ఏ తేదీ బరువును లెక్కలోకి తీసుకుంటారు, కార్యక్రమం మొదట్లోదా, దరఖాస్తు రోజుదా? ఫోన్‌లో ఒకరు మొదటిదన్నారు, ఇంకోసారి ఇంకొకరు రెండోదన్నారు. రాతపూర్వకంగా వచ్చిన జవాబులో పాలసీ వాక్యాన్నే తిరిగి రాసి పంపారు. ఆ వాక్యంలో తేదీ ప్రస్తావన లేదు.

ఆరు నెలలు

ఈ భాగం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. నెలకు ఒకసారి బరువు, రక్తపోటు, ఆహార డైరీ, నడక, పోషకాహార నిపుణురాలి మాట, మానసిక నిపుణుడి అంచనా నమోదయ్యాయి. ఒక నెల జ్వరం వల్ల అనుకున్న రోజు రాలేకపోతే, ఆ నెల ముగిసేలోపే మరో రోజు రప్పించాం. వరుస తెగితే లెక్క మొదటికి వస్తుందన్న భయం అకారణం కాదు. బరువు 88.6 నుంచి నాలుగు నెలల్లో 84కి వచ్చింది. చివరి రెండు నెలలూ అక్కడే ఆగి, 83.8 దగ్గర ముగిసింది. అంటే 5.4 శాతం తగ్గుదల. హెచ్‌బీఏ1సీ 7.9కి దిగింది. ఆమె చేయగలిగినదంతా చేశారు. డైరీలో ఒక్క పూట ఖాళీ లేదు.

ఏది విఫలమైంది

ఆరు నెలల తరువాత పెట్టిన దరఖాస్తును తిరస్కరించారు. ప్రస్తుత బీఎంఐ 33.8, నిబంధన 35. ఒక్క వాక్యం.

మొదటి అప్పీలులో మేం వైద్యశాస్త్రం వైపు నుంచి వాదించాం. 1991 నాటి హద్దులు పాతబడ్డాయని, 2022 మార్గదర్శకాల ప్రకారం 33.8 బీఎంఐతో, మధుమేహంతో ఉన్న ఈ రోగికి శస్త్రచికిత్స తగినదేనని, శస్త్రచికిత్సకు ముందు బీమా కోసం తప్పనిసరిగా బరువు తగ్గాలనే షరతుకు శాస్త్రీయ ఆధారం లేదని ఏఎస్‌ఎంబీఎస్ 2016లోనే స్పష్టం చేసిందని రాశాం. అందులో ప్రతి మాటా సరైనదే. అది కూడా తిరస్కరణకే గురైంది. మార్గదర్శకాలు వైద్యులకు, మాకూ సభ్యురాలికీ మధ్య ఉన్నది పాలసీ ఒప్పందం అన్నది వారి జవాబు సారాంశం. చదివినప్పుడు కోపం వచ్చింది. రెండోసారి చదివినప్పుడు, ఎక్కడ వాదించాలో అదే లేఖ చెబుతోందని అర్థమైంది.

ఏది పనిచేసింది

రెండో అప్పీలులో మార్గదర్శకాల ప్రస్తావన ఒక పేరాకు కుదించాం. మిగతాదంతా పాలసీ వాక్యాల చుట్టూ కట్టాం. షరతు ఆరు నెలలు బరువు తగ్గే ప్రయత్నం చేయమంటోంది. ప్రయత్నం కొద్దిగా ఫలించినా అర్హత పోతుందనుకుంటే, ఆ షరతును నిజాయతీగా పాటించినవారెవరూ అర్హులు కాలేరు; ప్రయత్నించినట్టు నటించి బరువు అలాగే ఉంచుకున్నవారు మాత్రమే అర్హులవుతారు. పాలసీ రాసినవారి ఉద్దేశం అది కాజాలదు. కాబట్టి బరువు షరతు కార్యక్రమ ప్రవేశానికి, ఆరు నెలల షరతు ఆ తరువాతి కాలానికి వర్తిస్తాయని చదివితేనే రెండు వాక్యాలూ ఒకదానితో ఒకటి పొసుగుతాయి. ప్రవేశం నాటి కొలత వారి దగ్గరే రసీదుతో ఉంది. ఇక ప్రయత్నం చాలలేదనడానికి, బరువు ఆగిపోయిన చివరి రెండు నెలలు, ఇంకా 7.9 దగ్గరున్న హెచ్‌బీఏ1సీ, ఏహెచ్‌ఐ 38తో నిర్ధారణైన తీవ్ర స్లీప్ ఆప్నియా ఆధారాలు. ప్రతి షరతుకు ఎదురుగా దాన్ని నిరూపించే పత్రం ఏ పుటలో ఉందో రాశాం.

బీమా సంస్థ తరఫు వైద్యుడితో ఫోన్‌లో మాట్లాడే అవకాశం అడిగి తీసుకున్నాం. ఆయన ప్రశ్నల్లో ఎక్కువ భాగం బరువు గురించి కాదు, ఎత్తు గురించి. అన్ని రికార్డుల్లో 160 ఉండగా ఇప్పుడు 157.5 ఎలా అయిందన్నది న్యాయమైన సందేహమే. ఆరు కొలతల పట్టిక, కొలిచిన వేళ, ఎవరు కొలిచారో చెప్పాం. ఆయనకు నమ్మకం కలిగించింది మాత్రం ఆ పాత ఉద్యోగ పరీక్ష పత్రమే. బేరియాట్రిక్ సర్జరీ ఆలోచన కూడా లేని రోజుల్లో, మాతో సంబంధం లేని చోట కొలిచిన 158 అది. దాన్ని తీసుకున్నా ప్రవేశం నాటి బీఎంఐ 35.5 ఉంటుందని చెప్పగానే ఆ చర్చ అక్కడితో ముగిసింది. పెంచిన 90.3ను దాచకుండా పంపడం కూడా మేలే చేసింది. ఆ అంకె మీద ఆయన అడగబోతున్న ప్రశ్నకు జవాబు అప్పటికే ఫైల్లో ఉంది.

అనుమతి వచ్చాక మరో చిన్న జాగ్రత్త తీసుకున్నాం. ఆపరేషన్‌కు ముందు తక్కువ కేలరీల ఆహారంతో ఇంకో మూడు నాలుగు కిలోలు తగ్గుతారని, చేరే రోజు బరువు అనుమతిని ప్రభావితం చేయదని రాసివ్వమని అడిగాం. ఇచ్చారు. ఎంపాగ్లిఫ్లోజిన్‌ను ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు ఆపాం. ఈ మందు మీద ఉండి తిండి తగ్గించినప్పుడు, షుగర్ పెరగకుండానే కీటోఅసిడోసిస్, అంటే కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారే స్థితి, వచ్చే ప్రమాదం ఉంటుంది. బరువు తగ్గే ఆహారం, ఉపవాసం, ఆపరేషన్ మూడూ కలిసే ఇలాంటి రోగుల్లో దీన్ని మరచిపోకూడదు.

గొంతులోకి ఎగదన్నే సమస్య ఉన్నందువల్ల జీర్ణాశయాన్ని సన్నటి గొట్టంలా కుదించే స్లీవ్ ఆపరేషన్ వద్దనుకుని, జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిగా చేసి నేరుగా చిన్నపేగుకు కలిపే రూ-ఎన్-వై గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. స్లీవ్ తరువాత ఆ సమస్య ఎక్కువయ్యే అవకాశం ఉంది. మధుమేహం మీద కూడా బైపాస్ ప్రభావం బలంగా ఉంటుంది.

ఈ కేసు తరువాత మా పద్ధతిలో మారినవి

ఎవరు వచ్చినా మొదటి రోజే ఎత్తును కొలుస్తున్నాం, పాత రికార్డు నుంచి ఎత్తును తీసుకోవడం పూర్తిగా మానేశాం. కొలిచినప్పుడు ఎత్తు పెరిగి బీఎంఐ తగ్గిన సందర్భాలూ వస్తాయి. అప్పుడు కూడా కొలిచిందే రాస్తాం. మనకు అనుకూలమైనప్పుడే కొలతను నమ్మితే అది ఆధారం కాదు. పాలసీ పత్రాన్ని రోగితో కలిసి కూర్చుని చదువుతున్నాం, ఏ తేదీ బరువు లెక్కలోకి వస్తుందో అందులో వెతుకుతున్నాం. లేకపోతే కార్యక్రమం మొదలుపెట్టకముందే రాసి అడుగుతున్నాం. జవాబు అస్పష్టంగా వచ్చినా ఆ లేఖను దాచి ఉంచుతున్నాం, ఎందుకంటే అడిగామన్న రుజువుకూ అప్పీలులో విలువ ఉంది. నిద్ర గురించి అడగకుండా ఎవరినీ పంపడం లేదు.

బీఎంఐ గురించి ఒక మాట. పంతొమ్మిదో శతాబ్దంలో బెల్జియం గణితవేత్త అడాల్ఫ్ కెట్లే జనసమూహాల సగటు శరీరాన్ని వర్ణించడానికి వాడిన నిష్పత్తి ఇది. ఒక్కొక్క మనిషికి చికిత్స ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి ఆయన దాన్ని తయారుచేయలేదు. 34.9కీ 35.0కీ మధ్య ఏ జబ్బూ మారదు. అయినా ఆ గీత మీదే నిర్ణయం ఆధారపడినంత కాలం, దాన్ని వీలైనంత నిక్కచ్చిగా కొలవడం రోగి పట్ల మన బాధ్యత.

సరిగ్గా కొలిచినా నిజంగానే 34 దగ్గర ఆగేవారు కూడా వస్తారు. వారికి బరువు పెరగమని నేను చెప్పను, ఎవరైనా చెబితే వినవద్దని చెబుతాను. వారితో ముందుగా వెతికేది ఇంతవరకు ఎవరూ పరీక్షించని స్లీప్ ఆప్నియా, గుండె జబ్బు, కాలేయపు కొవ్వు వంటివి. అవి దొరికినా బీఎంఐ షరతు మారదు కానీ చికిత్స మారుతుంది. వాడుతున్న మందుల్లో బరువు పెంచేవి ఉంటే మారుస్తాం, జీఎల్‌పీ-1 మందు ఒకటి పడకపోతే తక్కువ మోతాదుతో నిదానంగా మరొకటి ప్రయత్నిస్తాం. తిరస్కరణ లేఖను మాత్రం పారేయవద్దని, తేదీతో సహా ఫైల్లో ఉంచమని అడుగుతాం. పాలసీల షరతులు మారుతుంటాయి, కొత్త షరతు వచ్చిన రోజున పాత ప్రయత్నాల నమోదు చేతిలో ఉండాలి.

ఈ రోగికి ఏడాది తరువాత బరువు 64 కిలోలు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఒక్కటే మిగిలింది, హెచ్‌బీఏ1సీ 6.1. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం వాడవలసినవి కాబట్టి ఆ పరీక్షలు క్రమం తప్పకుండా చేస్తున్నాం. నిద్ర పరీక్ష మళ్లీ చేయిస్తే ఏహెచ్‌ఐ 9 వచ్చింది. సీప్యాప్ పూర్తిగా మానవచ్చా అన్నది నిద్ర వైద్యుడు ఇంకా చూస్తున్నారు.